ఊరి నుంచి చుట్టాలొస్తే పాతబస్తీ ఎలా చూపించాలి: పొద్దున్నుంచి రాత్రి దాకా మా ప్లాన్

మాది తెనాలి, హైదరాబాద్ వచ్చి పదమూడేళ్ళయింది. ఏడాదికి కనీసం రెండుసార్లైనా ఊరి నుంచి ఎవరో ఒకరు వస్తారు, అమ్మ, పిన్ని, అత్తయ్యా వాళ్ళు, వాళ్ళ పిల్లలు. చెప్పులు విప్పకముందే అడిగే మాట ఒక్కటే, చార్మినార్ ఎప్పుడు తీసుకెళ్తావే అని. మొదట్లో నేను కూడా అందరిలాగే రోజంతా ఒక కారు మాట్లాడి చార్మినార్, గోల్కొండ, బిర్లా మందిర్, ట్యాంక్‌బండ్ అన్నీ ఒక్క రోజులో తిప్పేసేదాన్ని. సాయంత్రం ఇంటికొచ్చాక పిన్నిని ఏం నచ్చింది అని అడిగితే "ఏమోనే, కార్లోనే కూర్చున్నట్టుంది" అంది. ఆ మాట నాకు బాగా తగిలింది. అప్పట్నుంచి పాతబస్తీకి ఒక రోజు పూర్తిగా ఇచ్చేస్తున్నా, నడిచే చూపిస్తున్నా, గోల్కొండ ఆ రోజు అస్సలు కలపను. ఎన్నోసార్లు తిరిగాక కుదిరిన వరస ఇది, మీ ఇంటికి ఎవరైనా వస్తే ఇలాగే ఫాలో అయిపోండి.

ముందుగా రోజు చూసుకోండి

శుక్రవారం వద్దు. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ రెండూ శుక్రవారం సెలవు, పైగా మక్కా మసీదులో జుమ్మా నమాజు ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం ఆ చుట్టుపక్కల కాలు పెట్టే చోటుండదు. నేనొకసారి చూసుకోకుండా రాజమండ్రి అత్తయ్య వాళ్ళని శుక్రవారం తీసుకెళ్ళా, రెండు గేట్ల దగ్గరా వెనక్కి తిరగాల్సొచ్చింది, ఆవిడ మోకాళ్ళ నొప్పులతో అంత దూరం వచ్చి ఏమీ చూడకుండా వెళ్ళిపోయిందని ఇప్పటికీ బాధే. ఆదివారం అన్నీ తెరిచే ఉంటాయి గానీ జనం విపరీతం, చార్మినార్ ఎక్కడానికే గంట పోతుంది. మంగళ, బుధ, గురువారాలు హాయి. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఎండ బాధ ఉండదు. రంజాన్ నెలలో ఐతే లెక్క వేరు, అప్పుడు పగలు కాకుండా ఇఫ్తార్ అయ్యాక రాత్రి వెళ్ళాలి, హలీమ్ తిని బజారు తిరిగితే ఆ సందడే వేరు, కానీ పెద్దవాళ్ళని, చిన్నపిల్లల్ని ఆ తోపులాటలోకి తీసుకెళ్ళకండి.

ఏం వేసుకోవాలి, ఏం పట్టుకెళ్ళాలి

గుడి, మసీదు రెండు చోట్లా చెప్పులు విప్పాలి కాబట్టి లేసులున్న బూట్లు వద్దు, ఈజీగా విప్పి వేసుకునేవి, నడవడానికి మెత్తగా ఉండేవి చాలు. బట్టలు నిండుగా ఉండాలి, ఆడవాళ్ళు ఒక చున్నీ దగ్గర పెట్టుకోండి, నిక్కర్లతో వచ్చిన మగపిల్లల్ని కూడా మసీదు గేటు దగ్గర ఆపడం నేను చూశా. నీళ్ళ సీసా, ఆధార్ కార్డు, పది ఇరవై నోట్లు కొన్ని. ఫోన్‌తో పేమెంట్ దాదాపు అన్ని చోట్లా నడుస్తుంది గానీ జనం ఎక్కువైతే సిగ్నల్ ఏడిపిస్తుంది. హ్యాండ్‌బ్యాగ్ ముందు వైపుకి వేసుకోండి.

ఇంకో మాట, ఆంధ్ర నుంచి వచ్చే ఆడవాళ్ళకి ఇక్కడ ఫ్రీ బస్సు ఉండదు. తెలంగాణ అడ్రస్ ఉన్న కార్డు చూపిస్తేనే జీరో టికెట్ ఇస్తారు. మా పిన్ని అక్కడి ఆధార్ చూపించి కండక్టర్‌తో వాదన పెట్టుకుంది పాపం, ముందే చెప్పి ఉంచితే గొడవుండదు.

ఎలా వెళ్ళాలి

సొంత కారు తీసుకెళ్ళకండి, పార్కింగ్ వెతుక్కోవడంతోనే సగం ఓపిక అయిపోతుంది. చార్మినార్ దాకా మెట్రో ఇంకా లేదు. ఎల్బీనగర్ - మియాపూర్ లైను, జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్) నుంచి వచ్చే లైను రెండూ ఎంజీబీఎస్‌లో (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) కలుస్తాయి, అక్కడ దిగి ఆటో ఎక్కండి, రెండు రెండున్నర కిలోమీటర్లే. ఆటో ఎక్కేముందు ఫోన్‌లో యాప్ తీసి ఎంత చూపిస్తుందో చూసుకుని అప్పుడు బేరం ఆడండి. డ్రైవర్‌ని నయాపూల్ వంతెన మీదుగా పోనివ్వమనండి, ఎందుకంటే మూసీ దాటుతుంటే ఇవతల ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి, అవతల ఒడ్డున హైకోర్టు కనిపిస్తాయి, పొద్దున ఎండలో ఆ గుమ్మటాలు చాలా బాగుంటాయి. 1908 సెప్టెంబర్ 28న ఇదే మూసీకి వరదొచ్చి వేలమంది పోయారు, ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా బతికారని చెప్తారు, ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువులు ఆ వరద తర్వాత కట్టినవే. ఇది ఆటోలోనే చెప్పేయండి, పిల్లలు నోరు తెరుచుకుని వింటారు.

పొద్దున ఏడింటికి చార్మినార్ దగ్గర ఉండాలి

ఇదే అన్నిటికన్నా ముఖ్యం. తొమ్మిదిన్నరకి కదా పైకి వదిలేది, ఏడింటికి వెళ్ళి ఏం చేస్తాం అంటారు అందరూ. వెళ్ళాక మీకే తెలుస్తుంది. బండ్లు పెట్టకముందు, షాపుల షట్టర్లు ఎత్తకముందు ఆ నాలుగు మినార్ల కింద పావురాలు, ఊడ్చేవాళ్ళు, పాల క్యాన్‌లతో పోయేవాళ్ళు తప్ప ఎవరూ ఉండరు. ఫోటోలు అప్పుడే తీసుకోండి. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించాడు, నాలుగు వైపులా ఉన్న గడియారాలు మాత్రం తర్వాత 1889లో పెట్టినవి.

కిందే భాగ్యలక్ష్మి అమ్మవారి గుడి ఉంది, చాలా చిన్నది, పొద్దున ఐతే ఐదు నిమిషాల్లో దర్శనం అయిపోతుంది. మా అమ్మ అమ్మవారికి దణ్ణం పెట్టుకోకుండా ఎక్కడికీ కదలదు కాబట్టి మాకు మొదటి స్టాప్ అదే.

తర్వాత చాయ్. మక్కా మసీదు పక్కనే నిమ్రా కేఫ్ ఉంది, ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్. ఊరి నుంచి వచ్చినవాళ్ళు మొదటి గుక్కకి తీపెక్కువ అంటారు, బిస్కెట్ ముంచుకుని తినమని చెప్పండి, అందులో ఉప్పు ఉంటుంది కదా, రెండూ కలిస్తేనే అసలు రుచి. రెండో కప్పు వాళ్ళే అడుగుతారు. టిఫిన్‌కి గుల్జార్ హౌజ్ వైపు నడవండి, చార్మినార్ నుంచి ఉత్తరానికి మూడు నాలుగు నిమిషాలు. అక్కడ దోశ బండ్ల దగ్గర వెన్న కారిపోతూ వేసే దోశలు పొద్దునపూటే దొరుకుతాయి, నిలబడి తినాలి. గుల్జార్ హౌజ్ అంటే నడి రోడ్డు మీద ఉన్న పాత ఫౌంటెన్, దాని చుట్టూ నాలుగు దిక్కులా నాలుగు పెద్ద కమాన్లు, దాన్నే చార్ కమాన్ అంటారు. దోశ తింటూ చుట్టూ తిరిగి చూడమనండి, బండి మీద దూసుకెళ్ళేవాళ్ళకి ఆ నాలుగూ ఒకేసారి కనపడవు.

మక్కా మసీదు

ఎనిమిదింటికల్లా ఇక్కడికి రండి. కుతుబ్ షాహీల కాలంలో మొదలుపెడితే ఔరంగజేబు వచ్చాక 1694కి గానీ పూర్తవలేదు. మధ్య కమానులో పెట్టిన ఇటుకలు మక్కా నుంచి తెచ్చిన మట్టితో చేసినవని, అందుకే ఆ పేరని చెప్తారు. లోపల ఆవరణలో ఒక వైపు వరసగా నిజాముల సమాధులున్నాయి. నమాజు టైమ్ కాకుండా చూసుకోండి, గట్టిగా మాట్లాడకండి, ప్రార్థన చేసుకునేవాళ్ళ ఫోటోలు తీయకండి. పావురాలకి గింజలు వేయడం పిల్లలకి సరదా, ఆ ముందరి ఖాళీ స్థలంలో పెద్దవాళ్ళు కాసేపు కూర్చోవచ్చు.

తొమ్మిదిన్నరకి చార్మినార్ పైకి

టికెట్ మనవాళ్ళకి పాతిక రూపాయలు. తెరవగానే మొదటి బ్యాచ్‌లో ఎక్కేయండి. మెట్లు 149, మినారు లోపల గుండ్రంగా తిరుగుతూ పైకెళ్తాయి, ఇరుకు, చీకటి, మెట్టు ఎత్తెక్కువ, అరిగి నున్నగా ఉంటాయి. మోకాళ్ళ నొప్పులు, ఆయాసం ఉన్నవాళ్ళని ఎక్కించకండి, మధ్యలో ఆగితే వెనకాల వాళ్ళంతా ఆగిపోవాలి, దిగుదామన్నా కుదరదు. వాళ్ళు కిందే కూర్చుంటారు, ఏం పర్లేదు. ఎక్కినవాళ్ళు మాత్రం నాలుగు వైపులా నిలబడి చూడండి, నాలుగు కమాన్లలోంచి నాలుగు రోడ్లు తిన్నగా పోతుంటాయి, ఊరంతా ఈ ఒక్క చోటు నుంచే గీత గీసినట్టు మొదలైందని అర్థమవుతుంది. ఉత్తరం వైపు చూస్తే ఇందాక దోశ తిన్న కమాను కనిపిస్తుంది.

అక్కడ్నుంచి సాలార్‌జంగ్, పన్నెండు గంటలు మిస్ కావద్దు

చాలామంది చార్మినార్ తర్వాత పక్కనే కదా అని చౌమహల్లాకి వెళ్ళిపోతారు. నేను కూడా అలాగే చేసేదాన్ని, ఇప్పుడు మార్చేశా. పదిన్నరకి ఆటో ఎక్కి సాలార్‌జంగ్‌కి వెళ్ళండి, పది నిమిషాలు. కారణం అక్కడి గడియారం. కింద హాల్లో ఒక పెద్ద మ్యూజికల్ క్లాక్ ఉంటుంది, ప్రతి గంటకీ చిన్న తలుపులోంచి గడ్డం బొమ్మ ఒకటి బయటికొచ్చి ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట కొట్టి లోపలికి వెళ్ళిపోతుంది. మూడింటికి వెళ్తే మూడే దెబ్బలు, పన్నెండింటికి పన్నెండు! పదిహేను నిమిషాల ముందే వెళ్ళి చోటు పట్టుకోండి, పిల్లల్ని ముందు కూర్చోబెట్టండి. అంత మందీ ఒక్కసారి గుసగుసలు ఆపేసి ఆ చిన్న బొమ్మ కోసం ఎదురుచూడటం, కొట్టిన ప్రతి దెబ్బకీ పిల్లలు పైకే లెక్కపెట్టడం, పదమూడేళ్ళుగా చూస్తున్నా నాకు విసుగు రాలేదు.

మ్యూజియం మొత్తం చూడాలని పెట్టుకోకండి, ముప్పైకి పైగా గ్యాలరీలు, కాళ్ళు పడిపోతాయి. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ జీవితమంతా కొంటూ పోయిన సామాను ఇదంతా, 1951లో నెహ్రూ దీన్ని మ్యూజియంగా ప్రారంభించాడు. మీరు మాత్రం వెయిల్డ్ రెబెకా దగ్గర నిలబడండి. పాలరాతితో చెక్కిన అమ్మాయి, మొహం మీద ముసుగు, ఆ ముసుగు కూడా రాయే, కానీ తడి బట్ట ముక్కుకీ పెదాలకీ అతుక్కున్నట్టు లోపలి మొహం కనిపిస్తుంది. 1876లో బెంజోనీ అనే ఇటలీ శిల్పి చేశాడు. మా పిన్ని అక్కడ ఐదు నిమిషాలు నిలబడి, పక్కకెళ్ళి మళ్ళీ వచ్చి ఇంకోసారి చూసింది. రెండోది చెక్క బొమ్మ, ముందు నుంచి చూస్తే గర్వంగా నిలబడ్డ మగవాడు, వెనకాల అద్దంలో చూస్తే తల దించుకున్న ఆడపిల్ల, ఒకే దుంగ రెండు వైపులా చెక్కారు. ఈ రెండూ, గడియారం, ఓపికుంటే ఆయుధాల గది, అంతే చాలు. బయట మండిపోయే టైమ్‌లో మనం నీడన ఉంటాం, ఈ వరస వల్ల ఇంకో లాభం అది.

భోజనం, ముత్యాలు

పన్నెండున్నరకి బయటపడి మదీనా చౌరస్తాకి రండి, దగ్గరే. బిర్యానీ తినేవాళ్ళకి షాదాబ్ హోటల్ ఉంది, ఒంటి గంట దాటితే కుర్చీ దొరకదు కాబట్టి ముందే వెళ్ళాలి. అమ్మలాంటి శాకాహారులకి ఘాన్సీ బజార్, గుల్జార్ హౌజ్ వైపు మార్వాడీ వాళ్ళ పూరీ, కచోరీ, మిఠాయి దుకాణాలున్నాయి, నేను రెండు జట్లుగా విడగొట్టేసి గంట తర్వాత గుల్జార్ హౌజ్ దగ్గర కలుసుకుందాం అంటా.

మదీనా నుంచి గుల్జార్ హౌజ్ దాకా ఉన్న రోడ్డే పత్తర్‌గట్టీ, రెండు వైపులా రాతి కమాన్ల కింద దుకాణాలు, నీడలోనే నడవచ్చు. ముత్యాలు ఇక్కడే. హైదరాబాద్‌లో ముత్యాలు పండవు, బయటి నుంచి వస్తాయి, ఇక్కడ చేసేది తొలవడం, ఏరడం, గుచ్చడం, అందులోనే ఇక్కడి పనివాళ్ళ గొప్పతనం. రెండు ముత్యాలు ఒకదానికొకటి రుద్దితే సన్నటి ఇసుక తగిలినట్టు గరగరమనాలి, జారిపోతే ప్లాస్టిక్కో గాజో. పట్టుకోగానే చల్లగా ఉండాలి. అన్నీ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటే అనుమానించండి. రోడ్డు మీద వెంటపడి అమ్మేవాళ్ళ దగ్గర వద్దు, షాపులోనే కొని బిల్లు తీసుకోండి.

చౌమహల్లా

రెండున్నరకల్లా చేరితే చాలు, ఐదింటికి మూసేస్తారు. చార్మినార్ నుంచి పది నిమిషాల నడక. 1750లో సలాబత్ జంగ్ మొదలుపెట్టిన ప్యాలెస్, పూర్తవడానికి వందేళ్ళ పైనే పట్టింది. ఖిల్వత్ దర్బారు హాల్లో పాలరాతి గద్దె, పైన 19 షాండ్లియర్లు. కిందపడి నడుం వాల్చాలనిపించేంత చల్లగా ఉంటుంది ఆ హాలు. వెనకాల పాత కార్లున్నాయి, పసుప్పచ్చ రోల్స్‌రాయిస్ దగ్గర మగవాళ్ళు కదలరు. ఆడవాళ్ళు తోటలో నీళ్ళ కుండీ పక్కన కూర్చుంటే కాళ్ళకి రెస్ట్.

లాడ్ బజార్, దీనికి రెండు గంటలు ఉంచండి

ప్యాలెస్ నుంచి మెహబూబ్ చౌక్ వైపుకి నడిచి అక్కడ్నుంచి లాడ్ బజార్లోకి దిగండి, అప్పుడు చార్మినార్ ఎదురుగా కనిపిస్తూ మీరు దాని వైపే నడుస్తారు. గాజుల బజారే ఇది, చూడీ బజార్ అని కూడా అంటారు. ఇక్కడి లక్క గాజులకి 2024లో జీఐ ట్యాగ్ వచ్చింది, అంటే ఇది ఈ ఊరి ప్రత్యేకతే అని ఇచ్చే అధికారిక గుర్తింపు.

ముందు సైజు తెలుసుకుని వెళ్ళండి. రెండు నాలుగు, రెండు ఆరు, రెండు ఎనిమిది అని చెప్పాలి, రెండు నాలుగు అంటే రెండు అంగుళాల మీద పదహారింట నాలుగు వంతులు, అంటే లోపలి వెడల్పు రెండుంపావు అంగుళాలు. ఇంట్లో ఎవరికైనా కొనాలంటే వాళ్ళ గాజు ఒకటి పట్టుకెళ్ళండి, ఫోన్లో అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పరు.

మొదటి రెండు షాపుల్లో రేటు అడిగి వచ్చేయండి. మూడో షాపులో చెప్పినదాంట్లో సగం దగ్గర మొదలుపెడితే ఎక్కడో మధ్యలో తెగుతుంది, నాకైతే ఎప్పుడూ అలాగే జరిగింది. "భయ్యా, థోడా కమ్ కరో" అంటే చాలు, తెలుగులో మాట్లాడినా చాలా షాపుల్లో తెలుగులోనే జవాబిస్తారు. చీకటి పడకముందే కొనండి, ఆ లైట్ల కింద ప్రతి రాయీ మెరుస్తుంది. గోటితో రాయిని కాస్త తోసి చూడండి, లక్కలో కూర్చిన రాయి కదలదు, గమ్‌తో అతికించింది కదులుతుంది. రెండు గాజులు తట్టితే లక్కవి గాజులా గలగలమనవు, మెత్తటి చప్పుడొస్తుంది.

అన్నిటికన్నా మంచిది చేసేవాళ్ళ దగ్గర కాసేపు నిలబడటం. సందుల్లో చిన్న బొగ్గుల కుంపటి ముందు కూర్చుని చేస్తుంటారు. మా అమ్మకి నచ్చిన జత చెయ్యి పట్టలేదు, షాపతను కుంపటి మీద రెండు తిప్పులు తిప్పి, లక్క మెత్తబడగానే కొస సన్నగా ఉన్న చెక్క కర్రకి ఎక్కించి కిందికి నొక్కాడు, అరచేతిలో ఊదుకుంటూ చల్లార్చి అమ్మ చేతికి తొడిగాడు, సరిగ్గా పట్టింది. ఒక్క రాయి కూడా ఊడలేదు. అమ్మ ఊళ్ళో అందరికీ చార్మినార్ గురించి కాదు, ఆ షాపతని చేతి వేళ్ళ గురించే చెప్పింది. అదే వేడి వల్ల ఒక జాగ్రత్త కూడా, లక్క గాజుల్ని ఎండలో, కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేయకండి, వంకర పోతాయి.

అత్తరు కావాలంటే మణికట్టు మీద రాయించుకుని అరగంట తిరిగి అప్పుడు కొనండి. బజారు చివరికొచ్చేసరికి చార్మినార్‌కి లైట్లు వేసేస్తారు, ఇంకో చాయ్ తాగి ఆటో ఎక్కడమే. ఓపిక మిగిలితే దారిలో మొజంజాహీ మార్కెట్ దగ్గర దిగండి, 1935లో కట్టిన రాతి మార్కెట్, ఆవరణలో కుర్చీలేసి పళ్ళ ఐస్‌క్రీమ్ పెడతారు, సీతాఫలం సీజన్‌లో ఐతే అదే తినాలి.

రెండో రోజు ఉంటేనే గోల్కొండ

పొద్దున్నే తొమ్మిదింటికి అక్కడుండాలి, పైదాకా 360 మెట్ల దాకా ఉంటాయి, ఎండెక్కితే ఎక్కలేరు. కోట లోపలికి వెళ్ళే ద్వారం దగ్గరి గుమ్మటం కింద చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్‌లో వినపడుతుంది, ఇద్దర్ని ముందు పైకి పంపి ట్రై చేయండి. మన తెలుగువాళ్ళు చూడాల్సింది రామదాసు బందీఖానా. భద్రాచలం గుడి కట్టిన కంచర్ల గోపన్నని తానీషా పెట్టించిన గది అది, చీకటి కొట్టు, గోడ మీద ఆయన చెక్కాడని చెప్పే దేవుడి బొమ్మలున్నాయి. అమ్మ అక్కడ కీర్తన ఎత్తుకుంటే ముక్కూమొహం తెలియనివాళ్ళు ఇద్దరు గొంతు కలిపారు. పైన జగదాంబ మహంకాళి గుడి ఉంది, ఆషాఢంలో బోనాలు మొదలయ్యేది గోల్కొండ నుంచే. దిగాక దగ్గర్లోనే కుతుబ్ షాహీ సమాధులు, బాగు చేశాక చాలా బాగున్నాయి.

సాయంత్రం బిర్లా మందిర్, అసెంబ్లీ మెట్రో స్టేషన్ దగ్గర. మొత్తం తెల్ల పాలరాయి, వెంకటేశ్వరస్వామి, 1976లో తెరిచారు, గంటలు ఉండవు, నిశ్శబ్దంగా దణ్ణం పెట్టుకోవచ్చు, కిందికి చూస్తే హుస్సేన్ సాగర్. మధ్యాహ్నం మూసేస్తారు కాబట్టి నాలుగు తర్వాత వెళ్ళండి. ఫోన్లు లోపలికి వదలరు, కౌంటర్లో ఇచ్చి టోకెన్ తీసుకోవాలి, పైకెళ్ళాక తప్పిపోతే ఫోన్ చేసుకునే దారి ఉండదు కదా, అందుకే చెప్పుల స్టాండ్ దగ్గరే నిలబడి ఎక్కడ కలుసుకోవాలో, ఎన్నింటికో అందరికీ చెప్పేసి అప్పుడు మెట్లెక్కండి.